సముద్రపు రొయ్య స్టాక్ బాగుందా, తగ్గిందా? గోదావరి మొగల దగ్గర లెక్క కట్టే పద్ధతి: సమగ్ర మార్గదర్శి

కాకినాడ హార్బర్‌లో ఒకే రోజు ఇద్దరిని అడిగి చూడండి. "రొయ్య ఎక్కడుందండీ, సముద్రం ఖాళీ అయిపోయింది" అంటాడు బోటు యజమాని. "అబ్బే, నిరుటికంటే ఎక్కువే దిగింది" అంటాడు లారీకి లోడు ఎత్తిస్తున్న ఏజెంటు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడటం లేదు. యజమాని తను పోసిన డీజిల్‌కి ఎంత రొయ్య పడిందో చూస్తున్నాడు. ఏజెంటు మొత్తం ఎన్ని టన్నులు ఒడ్డుకి వచ్చాయో చూస్తున్నాడు. స్టాక్ (సముద్రంలో ఉన్న రొయ్య మొత్తం) ఆరోగ్యం తెలియాలంటే ఈ రెండూ చాలవు. గంట వేటకి ఎంత పడుతోంది, పడేది ఏ సైజు, అందులో గుడ్డుకొచ్చిన ఆడవి ఎన్ని, ఏటి పాయల్లో పిల్ల ఎంత ఉంది అన్నవి కలిపి చూడాలి.

మత్స్యశాఖలో కింది స్థాయిలో పనిచేసేవాళ్లకి, ఫిషరీస్ చదివే విద్యార్థులకి, తమ లెక్క తామే రాసుకుందామనుకునే మత్స్యకార సంఘాలకి పనికొచ్చేలా ఇది రాస్తున్నాను. కావాల్సిన సామాను పెద్దగా లేదు. ఒక నమ్మకమైన తూకం, కాలిపర్స్, తడిసినా చెరగని పెన్సిల్, రూళ్ల పుస్తకం, ఎక్సెల్ తెరుచుకునే ఏదో ఒక కంప్యూటర్ ఉంటే చాలు. ఓపిక మాత్రం రెండు మూడేళ్లకి సరిపడా ఉండాలి.

చల్లని సముద్రాల పద్ధతి మనకెంతవరకు పనికొస్తుంది

రొయ్య స్టాక్ అంచనా మీద బాగా పని జరిగిన జాతుల్లో ముందు చెప్పుకోవాల్సింది ఉత్తర అట్లాంటిక్‌లో దొరికే పాండలస్ బొరియాలిస్. గ్రీన్‌లాండ్, నార్వే, కెనడా దేశాలు దీని మీదే ఏటా సర్వే చేసి, వేట ఎంత ఉండాలో నిర్ణయిస్తాయి. ఇది నాలుగైదేళ్లు, మరీ చల్లని చోట ఇంకా ఎక్కువే బతుకుతుంది. ముందు మగదిగా పెరిగి, కొన్నేళ్ల తర్వాత ఆడదిగా మారుతుంది. ఏడాదికి ఒక్కసారే గుడ్లు పెడుతుంది, ఆ గుడ్లని నెలల తరబడి పొట్ట కింద మోస్తుంది. అందుకే సర్వేలో పట్టిన రొయ్యల పొడవులు గ్రాఫ్ మీద వేస్తే ఒక్కో ఏడు పుట్టినవి ఒక్కో గుట్టగా విడివిడిగా కనిపిస్తాయి. ఏడాదికోసారి సర్వే చేస్తే అక్కడ సరిపోతుంది.

మన రొయ్య కథ వేరు. సముద్రంలో గుడ్లు నేరుగా నీళ్లలోకి వదిలేస్తుంది. రెండు మూడు వారాల్లో పిల్ల మొగల (నది సముద్రంలో కలిసే చోట్ల) గుండా కోరింగ మడ అడవుల పాయల్లోకి, కాకినాడ బేలోకి చేరుతుంది. కొన్ని నెలలు అక్కడ పెరిగి తిరిగి సముద్రానికి పోతుంది. మొత్తం ఆయుష్షు మహా అయితే ఏడాదిన్నర, రెండేళ్లు. గుడ్లు పెట్టడం దాదాపు ఏడాది పొడుగునా సాగుతుంది, కొన్ని నెలల్లో ఎక్కువ, కొన్ని నెలల్లో తక్కువ. కాబట్టి గుట్టలు ఒకదాని మీద ఒకటి పడతాయి. అక్కడి సర్వే పట్టికని తెచ్చి ఇక్కడ ఏడాదికోసారి నింపితే ఏమీ తేలదు. నెలనెలా కొలవాల్సిందే.

అక్కడి నుంచి తీసుకోవాల్సినవి రెండున్నాయి. వలని, కాలాన్ని, చోటుని మార్చకుండా ఏళ్ల తరబడి అదే సర్వే చేసే క్రమశిక్షణ ఒకటి. ప్రమాద గీతని ముందే గీసి పెట్టుకోవడం రెండోది. అమెరికాలోని మెయిన్ సింధుశాఖ అనుభవం కూడా గుర్తుంచుకోవాలి. నీళ్లు వేడెక్కడంతో పిల్ల నిలవక, 2014 నుంచి అక్కడ వాణిజ్య వేట మూసేశారు. మూసేసినా స్టాక్ కోలుకోలేదు. వేట ఒక్కటే కారణం అనుకుని మిగతావాటిని వదిలేస్తే లెక్క తప్పుతుంది. అక్కడ నీటి వేడి ఎలాంటిదో, ఇక్కడ గోదావరి నీరు అలాంటిది.

మొదటి పని: ఏ రొయ్య, ఎంత మేర

"రొయ్య" అని ఒకే కాలమ్ పెట్టుకుంటే మొత్తం పని వృథా. మన తీరంలో తెల్ల రొయ్య (పీనియస్ ఇండికస్), టైగర్ (పీనియస్ మోనోడాన్), మెటాపీనియస్ జాతులు, ఇంకా చిన్నరకాలు కలిసి పడతాయి. ఒక్కోదాని ఆయుష్షు, పెరుగుదల, ధర వేరు. అన్నిటినీ ఒకేసారి పట్టుకోకండి. మొదటి ఏడాది మీ రేవులో బాగా దిగే ఒకటి రెండు జాతులు చాలు. మెటాపీనియస్ మోనోసెరోస్ ట్రాల్ బోట్లకి (నేల మీద వల లాగేవాటికి) బాగా పడే రకం కనుక మొదలుపెట్టడానికి అనువైనది. జాతి గుర్తుపట్టడం రాకపోతే సిఫ్ట్, అంటే కాకినాడలోని రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థలో గానీ, సి.ఎం.ఎఫ్.ఆర్.ఐ. (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) విశాఖ కేంద్రంలో గానీ తెలిసినవాళ్లచేత ముందు నమూనాలు చూపించుకోండి. ముక్కు మీది పళ్లు, వీపు మీది గాడులు చూసి చెప్పడం రెండు రోజుల్లో వచ్చేస్తుంది.

పొట్ట కింద గుడ్ల గుత్తి మోస్తున్న రొయ్య కనిపిస్తే పక్కన పెట్టేయండి. అది పీనియస్ రకం కాదు. మంచినీళ్ల నుంచి గుడ్లు పొదిగించడానికి ఉప్పునీటి వైపు దిగిన నీలకంఠ రొయ్యో, దాని చుట్టమో అయ్యుండొచ్చు. పీనియస్ రకాలు గుడ్లు మోయవు.

చెరువు రొయ్యని లెక్కలోకి రానివ్వకండి. 2009 తర్వాత వనామి వచ్చాక ఉభయ గోదావరి జిల్లాల్లో రొయ్య అంటే జనం మనసులో మెదిలేది చెరువే. రాష్ట్రం ఎగుమతి అంకెలు చూసి "రొయ్య బ్రహ్మాండంగా ఉంది" అనేవాళ్లు చదువుకున్నవాళ్లలో కూడా ఉన్నారు. ఆ అంకెలకీ సముద్రపు స్టాక్‌కీ సంబంధం లేదు. ప్రాసెసింగ్ ప్లాంట్ల లెక్కలు కాకుండా రేవు లెక్కలే వాడమనడం అందుకే.

ఇక మేర. రొయ్యకి జిల్లా సరిహద్దు తెలియదు. కాకినాడ, ఉప్పాడ, భైరవపాలెం, ఓడలరేవు, అంతర్వేది పల్లిపాలెం, బియ్యపుతిప్ప రేవుల్లో దిగేదంతా గౌతమి, వసిష్ఠ మొగల ముందున్న ఒకే మేత నేల నుంచి రావచ్చు. మధ్యలో యానాం పుదుచ్చేరి పాలనలో ఉంది కాబట్టి దాని లెక్క వేరే ఫైల్లో ఉంటుంది, అడిగి తెచ్చుకోవాలి. విశాఖ నుంచి వచ్చిన పెద్ద బోటు మన మొగ ముందు వేటాడి విశాఖలోనే దించుతుంది. అలాగే కాకినాడ బోటు ఉత్తరానికి పోయి పట్టింది కాకినాడ లెక్కలో పడుతుంది. అందుకే ప్రతి బోటు దగ్గరా "ఎక్కడ దించారు" కంటే "ఎక్కడ పట్టారు" అన్నదే ముఖ్యం. లోతు బారల్లో చెప్పినా రాసుకోండి, తర్వాత మీటర్లలోకి మార్చుకోవచ్చు.

రెండో పని: రేవు దగ్గర నమూనా

అన్ని బోట్లనీ, అన్ని రోజులూ చూడటం ఎవరివల్లా కాదు. దేశమంతటా సముద్ర చేపల లెక్కకి సి.ఎం.ఎఫ్.ఆర్.ఐ. వాడే పద్ధతి చిన్న ఎత్తున మీకూ పనికొస్తుంది. నెలని పదేసి రోజుల మూడు భాగాలు చేస్తారు. మొదటి ఐదు తేదీల్లో ఒకదాన్ని చీటీ తీసి ఎంచుకుని, అక్కడి నుంచి వరుసగా ఆరు రోజులు రెండేసి రోజుల జతలుగా చూస్తారు. తర్వాతి భాగాల్లోనూ పది రోజుల తేడాతో అదే వరుస. జతలో మొదటి రోజు మధ్యాహ్నం 12 నుంచి సాయంత్రం 6 దాకా, రెండో రోజు ఉదయం 6 నుంచి 12 దాకా రేవులో ఉంటారు. రాత్రి దిగింది అడిగి రాసుకుంటారు.

ఆ రోజు 15 లేదా అంతకంటే తక్కువ బోట్లు వస్తే అన్నీ చూడాలి. 16 నుంచి 19 వస్తే మొదటి పదీ, మిగిలినవాటిలో సగం. 20 నుంచి 29 దాకా రెండింటికొకటి, 30 నుంచి 39 దాకా మూడింటికొకటి, 40 నుంచి 49 దాకా నాలుగింటికొకటి, 50 దాటితే ఐదింటికొకటి. ఈ నియమం పాటించడంలో ఒకటే కష్టం. నిండుగా తెచ్చిన బోటు దగ్గరికే కాళ్లు లాగుతాయి, అక్కడ జనం ఉంటారు, కబుర్లుంటాయి. నియమం ప్రకారం వంతు వచ్చిన బోటు ఖాళీగా వచ్చినా దాని దగ్గరికే వెళ్లాలి. ఖాళీ బోటుని వదిలేస్తే మీ సగటు ఎప్పుడూ అబద్ధమే చెబుతుంది.

రేవు తూకానికి రాని రొయ్య కూడా ఉంది. పాయల్లో నిలువు వలలకి పడ్డ చిన్నది నేరుగా ఇసుక మీద ఆరబోసి రొయ్యపప్పుగా, రొయ్యపొట్టుగా సంతకి పోతుంది. నెలకోసారైనా ఎండబెట్టే చోట్లకి వెళ్లి ఎంత ఆరబోశారో అడగండి. పచ్చిది ఐదు కిలోలు మీరే తూచి, ఎండాక మళ్లీ తూస్తే ఎండుని పచ్చిలోకి మార్చే నిష్పత్తి మీ చేతిలోనే ఉంటుంది.

మూడో పని: గంటల లెక్క

అన్నిటికంటే జాగ్రత్తగా చేయాల్సింది ఇదే. చాలా లెక్కలు ఇక్కడే చెడతాయి.

ఊహించి ఒక లెక్క చూద్దాం. నిరుడు ఒక నెలలో 400 గంటలు వల లాగితే 1,200 కిలోలు పడింది, అంటే గంటకి 3 కిలోలు. ఈ ఏడు అదే నెలలో 640 గంటలు లాగితే 1,440 కిలోలు. మొత్తం చూస్తే 20 శాతం పెరిగింది. గంటకి చూస్తే 2.25 కిలోలు, అంటే 25 శాతం తగ్గింది. ఏజెంటు, యజమాని ఇద్దరూ నిజమే చెప్పారనడం అందుకే.

గంటలు ఎలా తెలుస్తాయి? నేరుగా "ఎన్ని గంటలు వేటాడారు" అంటే వెళ్లిన దగ్గర్నుంచి వచ్చేదాకా కలిపి చెబుతారు. దారిలో పోయిన కాలం, వల చిరిగి కూర్చున్న కాలం, ఐస్ కోసం ఆగిన కాలం అందులో ఉంటాయి. మనకి కావాల్సింది వల నీళ్లలో ఉన్న కాలం. ఇలా అడిగితే సరిగ్గా వస్తుంది:

"బాబాయ్, మొదటి వల ఎప్పుడు దించారు?"

"తెల్లారకుండానే దించేశాం బాబూ, నాలుగున్నరకి."

"మళ్లీ ఎప్పుడెత్తారు?"

"రెండున్నర గంటలకోసారి ఎత్తాం. ఆయ్, మొత్తం నాలుగు సార్లు. మూడోసారి వల రాయికి తగులుకుంది, అది లెక్కలో వేసుకోకు."

నాలుగు సార్లు, రెండున్నర గంటల చొప్పున, పనికిరాని ఒక లాగుడు తీసేస్తే ఏడున్నర గంటలు. ముఖం చూసి అడిగే ఇలాంటి నాలుగు ప్రశ్నలకి ఫారం ఇచ్చి నింపమనడం సాటిరాదు. ఆ సరంగు (బోటు నడిపేవాడు) వల రాయికి తగిలిన సంగతి ఏ ఫారంలోనూ రాయడు.

ఇక బోటు బోటుకీ తేడా. పాబ్లో, రొయ్య, సొర్రా అని పేర్లున్న చిన్న మరబోట్ల కాలం నుంచి రోజుల తరబడి వేటకి పోయే సోనా బోట్ల దాకా వచ్చాం. ఇంజన్ బలం పెరిగింది, జి.పి.ఎస్. వచ్చింది, కిందేముందో చూపించే ఎకో సౌండర్ వచ్చింది. ఇరవై ఏళ్ల కిందటి గంటా ఇప్పటి గంటా ఒకటి కాదు. ఎక్కడ రొయ్య ఉందో ఫోన్‌లో ఒకరికొకరు చెప్పుకుంటారు కాబట్టి, స్టాక్ సగానికి తగ్గినా మిగిలిన గుంపులనే అందరూ వెతికి పట్టుకుని గంటకి పడేది కొన్నాళ్లు అలాగే నిలబడుతుంది. ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది. దీనికి పూర్తి మందు లేదు, ఉపశమనం మాత్రం ఉంది. ఒకే ఇంజన్, ఒకే రకం వల ఉన్న పది పన్నెండు బోట్లని ఎంచుకుని, ఏళ్ల తరబడి వాటినే ప్రామాణికంగా పట్టుకోండి. మిగతావాటి లెక్క మొత్తం ఎంత దిగిందో తేల్చడానికి వాడండి, గంటకి ఎంత అన్న సూచికకి మాత్రం ఈ బోట్లవే వాడండి.

ఒక నెలని ఇంకో నెలతో పోల్చకండి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. నిషేధం ఎత్తేసిన వారంలో గంటకి ఎంత పడినా అది నిషేధం ఇచ్చిన బహుమతి, స్టాక్ కోలుకుందని దానిమీద సంబరపడకూడదు. జూన్‌ని జూన్‌తో, డిసెంబరుని డిసెంబరుతోనే పోల్చాలి. 1996 నవంబరు తుపాను లాంటిది వచ్చి బోట్లే పోయిన ఏడు గంటలూ ఉండవు, లెక్కా ఉండదు. అక్కడ ఖాళీ గడే ఉంచండి, సున్నా వేయకండి.

నాలుగో పని: కొలత, లింగం, పక్వం

ఏరి వేరుచేయకముందే నమూనా తీయాలి. కళాసీలు కౌంట్ల వారీగా (కిలోకి ఎన్ని అన్న లెక్కన) ట్రేలలోకి ఏరేశాక ఒక్క ట్రే నుంచి తీస్తే అది నమూనా కాదు. అప్పటికే ఏరేసి ఉంటే ప్రతి ట్రే నుంచీ కాస్త తీసి, ఆ ట్రే బరువుని బట్టి పెంచుకోవాలి. 40 కిలోల ట్రే నుంచి 2 కిలోలు తీస్తే 90 రొయ్యలు వచ్చాయనుకోండి, ఇరవైతో పెంచితే ఆ ట్రేలో 1,800. జాతికి రోజుకి నూటికి తక్కువ కాకుండా కొలవండి.

పొడవు రెండు రకాలు. ముక్కు కొస నుంచి తోక కొస దాకా తీసేది మొత్తం పొడవు. కంటి గుంట వెనక అంచు నుంచి తల పెంకు వెనక అంచు దాకా కాలిపర్స్‌తో తీసేది పెంకు పొడవు. ఐస్‌లో నలిగిన రొయ్యకి ముక్కు విరిగిపోతుంది, కాబట్టి పెంకు పొడవే నమ్మదగ్గది. చల్లని సముద్రాల వాళ్లూ ఇదే కొలుస్తారు. చక్కగా ఉన్న యాభై రొయ్యలకి రెండూ కొలిచి ఒకదాన్నుంచి ఇంకోటి తేల్చే సూత్రం ముందే తయారుచేసుకుంటే, తర్వాత తల లేని లెక్కలు తప్ప అన్నీ కలుస్తాయి.

ఆడ మగ తేడా తిరగేసి చూస్తే తెలుస్తుంది. మగదానికి పొత్తికడుపు కింద మొదటి జత ఈత కాళ్ల మధ్య రెండు భాగాలు కలిసిన పలచని అవయవం ఉంటుంది. ఆడదానికి చివరి జత నడక కాళ్ల మొదళ్ల మధ్య చదునైన పలక ఉంటుంది. ఇద్దరినీ వేరుగా రాయాలి, ఎందుకంటే ఆడది మగదానికంటే పెద్దగా పెరుగుతుంది. కలిపి సగటు తీస్తే, ఆడవి తగ్గిపోయిన సంగతి "సైజు కొంచెం తగ్గింది" అన్న ఒక్క ముక్కలో మునిగిపోతుంది.

పక్వం చూడటానికి కోయక్కర్లేదు. ఆడ రొయ్యని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని వీపు మీంచి చూడండి. లేతదైతే ఏమీ కనిపించదు. కాస్త ముదిరితే పెంకు కింద తల నుంచి తోక వైపు సన్నటి గీత తేలుతుంది. తెల్ల రొయ్యలోనూ టైగర్‌లోనూ పూర్తిగా గుడ్డుకొస్తే ఆ గీత వెడల్పై ముదురు ఆకుపచ్చగా, పొట్ట మొదటి కణుపు దగ్గర రెండు వైపులా ఉబ్బి కనిపిస్తుంది. గుడ్లు వదిలేశాక మళ్లీ వదులై పలచబడుతుంది. లేతది, ముదురుతున్నది, ముదిరినది, పక్వమైనది, వదిలేసినది అని ఐదు మెట్లు రాస్తారు. మీకు నమ్మకం లేకపోతే "పక్వం ఉంది, లేదు" అని రెండే రాయండి. తప్పుల ఐదు మెట్లకంటే అదే మేలు.

మొత్తం ఆడవాటిలో పక్వమైనవి ఎంత శాతమో నెలనెలా, పొడవుల వారీగా వేస్తే రెండు సంగతులు తేలతాయి. గుడ్లు పెట్టే ముఖ్య నెలలేవో తెలుస్తుంది. సగం ఆడవి ఏ పొడవుకి గుడ్డుకొస్తున్నాయో కూడా తెలుస్తుంది. ఆ పొడవుకంటే చిన్నవి పట్టులో సగానికి మించి ఉంటే, ఒక్కసారైనా గుడ్లు పెట్టకముందే పట్టేస్తున్నామన్నమాట.

కౌంట్‌ని కూడా వదులుకోకండి. ఏజెంట్ల పాత పుస్తకాల్లో కిలోకి 40, 60, 100 అని రాసిన కౌంట్లే మన తీరంలో దొరికే పాత సైజు రికార్డు. వెయ్యిని కౌంట్‌తో భాగిస్తే ఒక్కో రొయ్య సగటు బరువు గ్రాముల్లో వస్తుంది. 40 కౌంట్ అంటే 25 గ్రాములు, 60 అంటే 16.7. బరువు మూడో వంతు తగ్గింది కానీ, పొడవులో ఆ తేడా 13 శాతం లోపే. అంటే స్కేలు మీద చిన్నగా కనిపించే తగ్గుదల కౌంట్‌లో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తలతో తూచిన కౌంటా, తల తీసిన కౌంటా అన్నది మాత్రం అడిగి తీరాలి. తల తీస్తే మూడో వంతుకి పైగా బరువు పోతుంది.

ఐదో పని: సొంత సర్వే, వీలైతేనే

వేట బోట్లు రొయ్య ఉన్న చోటికే పోతాయి. సర్వే బోటు ముందే అనుకున్న చోటికి, రొయ్య ఉన్నా లేకపోయినా పోతుంది. దాని విలువంతా అందులోనే ఉంది. ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియా విశాఖ స్థావరం ఓడలు ఈ పని పెద్ద ఎత్తున చేస్తాయి. సంఘమే ఒక బోటు అద్దెకి తీసుకుంటే 10–20, 20–30, 30–50 మీటర్ల లోతుల్లో కొన్ని గళ్లు గీసి, ఏటా అదే నెలలో, అదే వలతో, అదే వేళకి లాగాలి. పగలు ఇసుకలో పూడుకుని రాత్రి బయటికొచ్చే రకాలున్నాయి కాబట్టి వేళ మారితే లెక్క మారిపోతుంది.

లెక్క సులువే. 2.5 నాట్ల వేగం అంటే గంటకి 4.63 కిలోమీటర్లు. వల పై తాడు 20 మీటర్లు, నీళ్లలో అందులో సగమే తెరుచుకుంటుందనుకుంటే వెడల్పు 10 మీటర్లు. గంటలో ఊడ్చిన నేల 0.0463 చదరపు కిలోమీటర్లు. 6 కిలోలు పడితే చదరపు కిలోమీటరుకి సుమారు 130 కిలోలు. వల ముందున్నదంతా వలలో పడదు కనుక అసలు ఉన్నది ఇంతకంటే ఎక్కువే. దీన్ని సముద్రంలో ఉన్న మొత్తం రొయ్యగా ప్రచారం చేయకండి, ఏడాదికేడాది పోల్చే కొలబద్దగా వాడండి.

డబ్బు లేకపోతే ఈ పని మానేసి, మూడు, నాలుగు పనుల మీదే ఆ డబ్బు పెట్టండి. రెండేళ్లు చేసి ఆపేసిన సర్వే ఎవరికీ పనికిరాదు.

ఆరో పని: చావు లెక్క

రొయ్య మాటిమాటికీ పెంకు విడుస్తుంది, చేపకున్నట్టు వయసు చెప్పే చెవి ఎముక దానికి ఉండదు. కాబట్టి పొడవుల నుంచే వయసు, పొడవుల నుంచే చావు రేటు తీయాలి. పెద్ద పద్ధతులకి ఎఫ్.ఎ.ఓ. (ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ) వాళ్ల ఫైశాట్, ఆర్ అనే కంప్యూటర్ భాషలో ట్రాప్‌ఫిష్‌ఆర్ అన్న సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. కానీ కాగితం మీద చేసే పాత బెవర్టన్–హోల్ట్ సూత్రం ముందు నేర్చుకోండి, కంప్యూటర్ తప్పు చెప్పినప్పుడు పట్టుకోగలుగుతారు.

దానికి నాలుగు అంకెలు కావాలి. ఆ జాతి చేరగల గరిష్ఠ పొడవు, ఎదుగుదల వేగం, పూర్తిగా వలకి చిక్కడం మొదలయ్యే పొడవు, ఆ పొడవు దాటినవాటి సగటు పొడవు. మొదటి రెండూ అదే జాతికి, అదే లింగానికి అచ్చయిన అధ్యయనాల నుంచి తీసుకోవచ్చు. మిగతా రెండూ మీ కొలతల నుంచే రావాలి.

ఉదాహరణకి గరిష్ఠ పొడవు 200 మిల్లీమీటర్లు, వేగం ఏడాదికి 1.6, చిక్కే పొడవు 100, సగటు 125 అనుకోండి. 200లోంచి 125 తీస్తే 75. 125లోంచి 100 తీస్తే 25. 75 ÷ 25 × 1.6 = 4.8. ఇది మొత్తం చావు రేటు. సహజంగా, అంటే చేపలు తినడం, రోగం, వయసు వల్ల పోయే రేటు 2.2 అనుకుంటే వేట వల్ల పోయేది 2.6. మొత్తంలో వేట వంతు 0.54. సగం, అంటే 0.5 దగ్గర ఉంటే సరే అన్నది పాత మోటు లెక్క.

ఇప్పుడు సగటు పొడవు 125 నుంచి 118కి దిగిందనుకోండి. 82 ÷ 18 × 1.6 = 7.3. వేట వంతు 0.70. ఏడు మిల్లీమీటర్ల తేడా ఇంత మార్పు తెస్తుంది. కొలత దగ్గర అంత పట్టుబట్టింది ఇందుకే. ఇంకో మాట. ఒక ఏడు పిల్ల విపరీతంగా వచ్చినా సగటు పొడవు తగ్గుతుంది, లెక్క మాత్రం వేట పెరిగిందని చెబుతుంది. అందుకే కనీసం ఏడాది నెలలన్నీ కలిపి చేయాలి, పక్కన పిల్ల లెక్క ఉండాలి. సహజ చావు రేటు కూడా ఒక్క అంకె మీద నిలబడకుండా 1.8, 2.2, 2.6 మూడింటితో చేసి చూడండి. మూడింటిలోనూ వేట వంతు 0.5 దాటితే ఇక వాదన అక్కర్లేదు.

ఏడో పని: పాయల్లో పిల్ల, ఏటిలో నీరు

కోరింగ వైపు నాలుగైదు పాయలు, గౌతమి మొగ దగ్గర రెండు చోట్లు ఎంచుకోండి. అభయారణ్యం లోపల అటవీశాఖ అనుమతి తప్పనిసరి. అమావాస్య, పౌర్ణమి పోట్లప్పుడు పిల్ల ఎక్కువగా లోపలికి వస్తుంది. కాబట్టి నెలనెలా అదే తిథికి, అదే పోటు వేళకి, అదే సన్న కన్ను వలతో, అన్నే అడుగులు లాగాలి. పిల్లని లెక్కపెట్టి తిరిగి నీళ్లలో వదిలేయండి. పక్కన నీటి ఉప్పదనం, వేడి రాసుకోండి.

నది లెక్క ఉచితంగానే దొరుకుతుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది ఇస్తారు. ఏ ఏడు ఎన్ని రోజులు మొదటి హెచ్చరిక దాటిందో రాస్తే అదే వరద సూచిక. వరద పాయల్లో ఉప్పదనం చంపేసి, పెరుగుతున్న పిల్లని ముందుగానే సముద్రంలోకి తోసేస్తుంది. ఆ వెంటనే రేవులో చిన్న రొయ్య గుట్టలుగా పడుతుంది. అది చూసి స్టాక్ పెరిగిందనీ, సైజు పడిపోయింది కాబట్టి స్టాక్ పోయిందనీ రెండు రకాల తప్పు తీర్పులూ ఇస్తారు. 2022 జులై లాంటి పెద్ద వరద ఏడాదిని నీళ్లు తక్కువ వచ్చిన ఏడాదితో నేరుగా పోల్చకూడదు.

ఎనిమిదో పని: తోడుగా పడేవి

రొయ్య వలలో రొయ్య తక్కువ, ఇతరం ఎక్కువ. చిల్లర చేప ఎంత పడిందో, అందులో రొయ్య పిల్ల ఎంతో బుట్ట కొలతన రాస్తే చాలు. తాబేలు పడితే తప్పక రాయండి. మన మొగల దగ్గర ఆలివ్ రిడ్లీలు గుడ్లు పెడతాయి, వలలో తాబేలు బయటపడే అమరిక పెట్టాలన్న మాట దానివల్లే వచ్చింది.

తొమ్మిదో పని: రంగులు వేసి తీర్పు చెప్పడం

మెయిన్ సింధుశాఖ వాళ్లు పచ్చ, పసుపు, ఎరుపు దీపాల పద్ధతి వాడారు. కెనడా విధానంలో స్టాక్‌ని ఆరోగ్యం, జాగ్రత్త, ప్రమాదం అని మూడు మండలాలు చేస్తారు. మంచి దిగుబడినిచ్చే స్థాయిలో 80 శాతం పైన ఉంటే ఆరోగ్యం, 40 శాతం కిందైతే ప్రమాదం అన్నది అక్కడి సాధారణ గీత. దాన్ని మనకి తగ్గట్టు వాడుకోవచ్చు. ప్రామాణిక బోట్ల గంట దిగుబడి, పక్వానికొచ్చిన ఆడవాటి శాతం, పాయల్లో పిల్ల అన్న మూడింటికీ మీ మంచి ఏళ్ల సగటు పక్కన ఈ గీతలు గీయండి. వేట వంతుకి గీత వేరు: 0.5 లోపు పచ్చ, 0.5 నుంచి 0.65 దాకా పసుపు, ఆపైన ఎరుపు అని నేను పెట్టుకుంటాను. ఇందులో 0.65 అన్నది నా నిర్ణయమే, మీరు చర్చించి మార్చుకోవచ్చు.

మీ సగటు నిన్న మొన్నటి ఏళ్లదే అయితే, అప్పటికే తగ్గిపోయిన స్టాక్‌ని ఆరోగ్యంగా చూపిస్తుంది. అందుకే పాత ఏజెంటు పుస్తకాలు, ముసలి సరంగుల జ్ఞాపకాలు కూడా పక్కన పెట్టుకుని గీత గీయాలి. ఏ దీపం వెలిగితే ఏం చేయాలో కూడా అంకెలు రాకముందే, సంఘం, మత్స్యశాఖ కూర్చుని ఒప్పుకోవాలి. ఎరుపు వెలిగాక మొదలయ్యే చర్చ ఎప్పటికీ తెగదు.

చల్లని సముద్రాల్లో లాగా "ఈ ఏడాది ఇన్ని టన్నులే" అని కోటా పెట్టడం మన రొయ్యకి పెద్దగా కుదరదు. ఏడాదిలో పుట్టి పెరిగిపోయేదానికి నిరుటి లెక్కతో కోటా వేస్తే ఆలస్యమైపోతుంది. వేలాది బోట్ల టన్నులు తూచే యంత్రాంగమూ లేదు. కాబట్టి మనం చేయగలిగేవి ఇవి. పిల్ల దీపం ఎర్రగా ఉండి మిగతావి బాగుంటే పాయల్లో నిలువు వలలని కొన్ని నెలలు ఆపడం, మడ అడవి, మొగల పూడిక సంగతి చూడటం. వేట వంతు ఎరుపైతే వల సంచికి చతురస్రాకారపు కన్ను వాడటం. మామూలు కన్ను లాగుతుంటే మూసుకుపోతుంది, చతురస్రపు కన్ను తెరుచుకునే ఉంటుంది, పిల్ల జారిపోతుంది. పక్వమైన ఆడవి ఎరుపైతే అవి ఎక్కువగా కనిపించిన నెలల్లో, ఆ లోతుల్లో ట్రాల్ తగ్గించడం. అన్నీ ఎరుపైతే బోటుకి వేట రోజులు తగ్గించడం తప్ప దారి లేదు. దీనికి 1994 నాటి రాష్ట్ర సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం కింద ప్రభుత్వమే ఉత్తర్వు ఇవ్వాలి, కానీ మీ పట్టిక దగ్గరుంటే అడగడానికి ఆధారం ఉంటుంది.

ఏడాదికోసారి ఈ పట్టికని నిషేధం రోజుల్లో, అందరూ ఒడ్డునే ఉన్నప్పుడు రేవులో గోడకి అంటించండి. గ్రాఫులు వద్దు. కౌంట్, గంటకి కిలోలు, రంగు, ఈ మూడు వరుసలు చాలు. తప్పుంటే సరంగులే పట్టుకుంటారు. "ఆ నెల మేమంతా ఉత్తరానికి పోయామండీ" అని ఒకరంటే, ఆ నెల గడి పక్కన అది రాసుకుని లెక్క మళ్లీ వేయండి. జూన్ 15న బోట్లు దిగేలోపు సరిదిద్దిన పట్టిక సిద్ధంగా ఉండాలి.